బ్రేక్ పెడల్ కోసం మొదలుపెడితే కుర్చీ దాకా వెళ్లింది: సిమ్ రేసింగ్ ప్రాజెక్టు డైరీ

జనవరి, సంక్రాంతికి ముందు

సిమ్ రేసింగ్ అంటే కంప్యూటర్‌కి స్టీరింగ్, పెడల్స్ తగిలించి రేసు కార్ల ఆటలు ఆడటం. దానికి ప్రస్తుతం ఇంట్లో ఉన్న సరంజామా ఇది: గేర్లతో తిరిగే మామూలు స్టీరింగ్ వీల్, దానితో పాటు పెట్టెలో వచ్చిన మూడు పెడల్స్, చక్రాల ఆఫీసు కుర్చీ. పిల్లలు పడుకున్నాక రాత్రిపూట గంట, గంటన్నర దొరుకుతుంది. వీల్‌తో నాకు పేచీ లేదు. పేచీ అంతా మధ్య పెడల్‌తోనే, అంటే బ్రేక్‌తో.

ఆ పెడల్ కింద ఉన్నది పొటెన్షియోమీటర్. పాత రేడియోలో వాల్యూమ్ మీట వెనక ఉండేది అదే. కాలు ఎంత దూరం దిగిందో అది చెబుతుంది. ఎంత గట్టిగా తొక్కామో దానికి తెలీదు. నిజం కారులో సంగతి వేరు. బ్రేక్ ప్యాడ్లు డిస్కుని పట్టుకున్నాక పెడల్ ఇంకేం పెద్దగా దిగదు. అక్కణ్ణుంచి పెరిగేది కాలి బలం, దాంతోపాటు గొట్టాల్లో బ్రేక్ ఆయిల్ ఒత్తిడి. కాలికి కూడా ఇదే అలవాటు. పన్నెండు మిల్లీమీటర్లు దిగిందా, పదిహేను దిగిందా అంటే చెప్పలేం. నిన్న ఎంత గట్టిగా తొక్కామో ఇవాళ అంతే గట్టిగా తొక్కమంటే మాత్రం కాస్త అటూ ఇటూగా తొక్కేస్తాం.

ఇది నా ఊహ కాదని తేల్చుకోవడానికి గ్రాఫులు చూశాను. నేను ఆడే అసెట్టో కోర్సా కాంపిటిజియోనె అనే రేసింగ్ ఆట, మనం నడిపిన ల్యాపుల (ట్రాక్ చుట్టూ ఒక్కో రౌండు) డేటాని మోటెక్ ఫార్మాట్‌లో రాసిపెడుతుంది. ఆ డేటాని గ్రాఫులుగా చూపించే మోటెక్ ఐ2 ప్రో ఉచితంగానే దొరుకుతుంది. అందులో ఇటలీలోని మోంజా ట్రాక్ తెరిచి, తిన్నటి రోడ్డు చివర వచ్చే మొదటి షికేన్ (వెంటవెంటనే అటూ ఇటూ తిరిగే మలుపులు) దగ్గర నా బ్రేక్ గీతలు ఒకదాని మీద ఒకటి పెట్టాను. ఏ రెండూ కలవలేదు. ఒక ల్యాప్‌లో 70 శాతం దగ్గర ఆగిపోయింది, ఇంకోదాంట్లో నేరుగా వందకి ఎగిరింది. వదిలేటప్పుడు మరీ ఘోరం: వందలోంచి నలభైకి పడి, మళ్లీ అరవైకి లేచి, సున్నాకి దిగింది.

వదలడమే అసలు విద్య. వేగం ఎక్కువగా ఉన్నప్పుడు గాలి కారుని రోడ్డుకి అదిమి పెడుతుంది, టైర్లకి పట్టు ఎక్కువ. అందుకని మొదట గట్టిగా తొక్కొచ్చు. వేగం తగ్గేకొద్దీ ఆ పట్టూ తగ్గుతుంది కాబట్టి కాలు కొంచెం కొంచెంగా లేపుతూ, చివరి పది ఇరవై శాతం బ్రేక్‌తోనే మలుపులోకి తిరగాలి. ట్రెయిల్ బ్రేకింగ్ అనేది ఇదే. దూరం కొలిచే పెడల్ మీద, ఆ చివరి ఇరవై శాతం నాలుగైదు మిల్లీమీటర్ల కదలికలోనే అయిపోతుంది. చెప్పులు లేని కాలుకే అది దొరకదు, సాక్సు వేసుకుంటే ఇక చెప్పక్కర్లేదు.

సంక్రాంతి సెలవులు

కొనాలా, చేయాలా అన్న తర్జనభర్జన. బలం కొలిచే లోడ్ సెల్ పెడల్స్ బజార్లో చాలానే ఉన్నాయి. థ్రస్ట్‌మాస్టర్ టీ-ఎల్‌సీఎం 2020 నుంచి ఉంది. ఫనాటెక్, మోజా వాళ్లవి ఉన్నాయి. నెదర్లాండ్స్ వాళ్ల హ్యూసింక్‌వెల్డ్ అయితే నాకు బొమ్మలు చూసుకోవడానికే. పరాయి దేశం నుంచి తెప్పించే వస్తువుకి రవాణా ఖర్చు, దాని మీద సుంకం కలుపుకుంటే లెక్క మారిపోతుంది. పైగా నాకు కావాల్సింది ఒక్క బ్రేకే. ఆక్సిలరేటర్ కాలి దూరాన్ని కొలిస్తే చాలు, దానికి బలంతో పని లేదు.

ఇంకో కారణం, నిజం చెప్పాలంటే అసలు కారణం, మా ఇల్లు విజయవాడ పటమటలో. నడిచి వెళ్లేంత దూరంలో ఆటోనగర్. లారీలకి బాడీలు కట్టే చోట, ఏ ముక్కనైనా కోసి, తొలిచి, అతికి ఇచ్చే మనుషులుండే చోట ఒక పెడల్ తయారు చేయించుకోలేకపోతే ఇక్కడ కాపురం ఉండి ఏం లాభం?

పండగ మూడు రోజులూ షట్టర్లు మూసే ఉన్నాయి. ఆ ఖాళీలో కాగితం మీద గీసుకున్నాను. పెడల్ చెయ్యి కింద ఇరుసు. ఇరుసు నుంచి పాదం పెట్టే చోటికి 21 సెంటీమీటర్లు. అదే చేతికి వెనక, ఇరుసు నుంచి 7 సెంటీమీటర్ల ఎత్తులో ఒక రాడ్డు. ఆ రాడ్డు రబ్బరు బుష్‌ని నొక్కుతుంది, రబ్బరు లోడ్ సెల్‌ని నొక్కుతుంది. మీట సూత్రం ప్రకారం 21ని 7తో భాగిస్తే మూడు రెట్లు. నేను 50 కిలోల బలంతో తొక్కితే సెల్ మీద పడేది 150 కిలోలు. అందుకే 100 కిలోల సెల్ వద్దనుకుని, ఎస్ ఆకారంలో ఉండే 200 కిలోల సెల్ ఆర్డర్ పెట్టాను. సొంతంగా చేసుకునేవాళ్లు చాలామంది ఈ లెక్క వదిలేసి, "నేను అంత గట్టిగా తొక్కను" అనుకుని చిన్న సెల్ కొనేస్తారు. ఓవర్‌లోడ్ అయిన సెల్ పైకి బాగానే కనబడుతుంది. లోపల మాత్రం సున్నా జరిగిపోయి ఉంటుంది.

జనవరి చివర, ఆటోనగర్

లేత్ మేస్త్రి కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఏ బండిది బాబూ ఇది?"

"బండిది కాదు మేస్త్రీ, కంప్యూటర్‌ది."

"కంప్యూటర్‌కి బ్రేకెందుకు?"

ఫోన్‌లో వీడియో చూపించాను. పూర్తిగా చూశాడు. నవ్వలేదు. ఇరుసుకి నేను రాసుకున్న పది మిల్లీమీటర్ల పిన్ను కొట్టేసి పన్నెండు రాశాడు. "పదికి ఊగుద్ది. ఇవాళ కాదు, ఆర్నెల్లకి." పిన్ను ఈఎన్8 రకం ఉక్కు కడ్డీలోంచి తీశాడు. దానికి గన్‌మెటల్ బుష్, జారిపోకుండా రెండు వైపులా సర్క్లిప్. పెడల్ చేతికి ఆరు మిల్లీమీటర్ల ఎమ్మెస్ ఫ్లాట్, అంటే మామూలు ఉక్కు పట్టీ. గ్రీజు పట్టడానికి బుష్‌కి చిన్న రంధ్రం కూడా ఆయనే పెట్టాడు, అడక్కుండానే.

ఈ ఇరుసు సంగతి ఎందుకింత రాస్తున్నానంటే, బేరింగులో పక్కకి ఆట ఉంటే దాని ప్రభావం సెన్సర్ మీద పడుతుంది. ఎస్ సెల్‌కి బలం నిటారుగా దాని మధ్యలోంచే వెళ్లాలి. పక్కనుంచి తోస్తే రీడింగ్ తప్పు వస్తుంది, ఒకే బలానికి రెండు అంకెలు చూపిస్తుంది. అందుకే సెల్ వెనక చివర రాడ్ ఎండ్ పెట్టించాను. గుండ్రటి కీలు కాబట్టి చెయ్యి చాపంలో కదిలినా ఆ వంకర తోపుడు చాలావరకు తగ్గిపోతుంది. పెడల్ చేతి వైపు ఇంకో రాడ్ ఎండ్. బోల్టులు 8.8 గ్రేడు, నట్లు నైలాక్, అంటే లోపల నైలాన్ రింగు ఉండేవి. మామూలు నట్టు ఈ అదురుకి నెలలో వదులవుతుంది.

రబ్బరు ముక్కల కోసం నాలుగు దుకాణాలు అవతలకి వెళ్లాను. కార్ల సస్పెన్షన్‌కి వాడే పీయూ బుష్‌లు, అంటే పాలీయురెథేన్ బుష్‌లు, రకరకాల గట్టిదనాల్లో ఉన్నాయి. అంకెలు అడిగితే ఎవరూ చెప్పరు. గోటితో నొక్కి చూసి మెత్తటివి రెండు, గట్టివి రెండు తెచ్చాను. వీటి ముందు ఒక చిన్న స్ప్రింగు ఉంటుంది. నిజం బ్రేకులో ప్యాడ్‌కీ డిస్కుకీ మధ్య ఉండే ఆ కొంచెం ఖాళీకి బదులు ఇది. ఆ తర్వాత గోడ తగిలినట్టు బుష్ తగలాలి.

ఫిబ్రవరి మొదట్లో

ఎలక్ట్రానిక్స్ పార్సిల్ వచ్చింది: లోడ్ సెల్, దాని సిగ్నల్‌ని అంకెలుగా మార్చే హెచ్ఎక్స్711 మాడ్యూల్, ఆ అంకెల్ని కంప్యూటర్‌కి పంపే ప్రో మైక్రో అనే చిన్న బోర్డు. కిరాణా కొట్లో బియ్యం తూచే ఎలక్ట్రానిక్ కాటాలో ఉండేదీ ఇలాంటి లోడ్ సెల్లే. లోహం వంగినప్పుడు దానికి అంటించిన సన్నటి గేజుల నిరోధం రవ్వంత మారుతుంది. నాలుగు గేజుల్ని వీట్‌స్టోన్ బ్రిడ్జిగా కలిపితే ఆ రవ్వంత తేడా వోల్టేజీగా బయటికొస్తుంది. నా సెల్ రేటింగ్ వోల్టుకి 2 మిల్లీవోల్టులు. అంటే 5 వోల్టులిస్తే, పూర్తి 200 కిలోల బరువుకి వచ్చేది 10 మిల్లీవోల్టులు. దీన్ని ప్రో మైక్రో నేరుగా చదవలేదు. మధ్యలో హెచ్ఎక్స్711 ఉండి 128 రెట్లు పెంచి, 24 బిట్ల అంకెగా మార్చి ఇస్తుంది.

సెల్ తీగలు నాలుగు: ఎరుపు, నలుపు, ఆకుపచ్చ, తెలుపు. రంగుల్ని నమ్మకుండా మల్టీమీటర్ పెట్టాను. ఒకే జతకి చెందిన రెండు తీగల మధ్య ఓమ్స్ ఎక్కువ చూపిస్తుంది, వేర్వేరు జతల తీగల మధ్య తక్కువ. అలా రెండు జతలు తేలిపోతాయి. ఒక జత కరెంటు ఇవ్వడానికి, ఇంకోటి సిగ్నల్ తీసుకోవడానికి. తొక్కితే అంకె తగ్గుతోందంటే సిగ్నల్ జతని తారుమారు చేస్తే సరి.

బోర్డు ఎంపికలో ఒక్కటే షరతు: కంప్యూటర్‌కి అది జాయ్‌స్టిక్‌గా కనబడాలి. ప్రో మైక్రోలో ఉండే ఏటీమెగా32యూ4 చిప్పు యూఎస్‌బీని తనే మాట్లాడుతుంది. ఇలాంటిదే ఇంకో బోర్డు ఆర్డుయినో ఉనో, దాని పాత రకాల్లోని (ఆర్3 దాకా) ప్రధాన చిప్పుకి ఆ శక్తి లేదు. ఇంట్లో పాత ఉనో పడుంది కదా అని దాంతో మొదలుపెట్టేవాళ్లు ఇక్కడ ఇరుక్కుంటారు.

ఇక ఈ భాగంలో నన్ను బాగా తినేసిన విషయం. కోడ్ రాసి, పెడల్‌ని చేత్తో నొక్కి చూస్తే తెర మీద గీత మెట్లు మెట్లుగా పైకెళ్తోంది. కారణం హెచ్ఎక్స్711 వేగం. ఆ చిప్పు సెకనుకి 10 సార్లు గానీ, 80 సార్లు గానీ కొలుస్తుంది. చిప్పుకి రేట్ అనే 15వ కాలు (పిన్ను) భూమికి, అంటే గ్రౌండ్‌కి, కలిసి ఉంటే 10, కరెంటుకి కలిసి ఉంటే 80. నా చేతికొచ్చిన మాడ్యూల్‌లో భూమికే కలిపి ఉంది. తూకానికి అది చాలు, బియ్యం బస్తాకి తొందరేముంది? గంటకి 200 కిలోమీటర్ల వేగంలో కారు సెకనులో పదో వంతుకి ఐదున్నర మీటర్లు వెళ్లిపోతుంది. మీరు బ్రేక్ తొక్కిన సంగతి ఆటకి తెలిసేసరికి కారు అంత ముందుకెళ్లిపోయి ఉండొచ్చు. 80 దగ్గర అదే దూరం 70 సెంటీమీటర్లు.

ఆ కాలు బియ్యపు గింజ కన్నా సన్నం. సోల్డరింగ్ ఐరన్ మొన ఆనించి, గుండుసూదితో మెల్లగా పైకి లేపి, పక్కనే ఉన్న 16వ కాలికి, అంటే కరెంటు కాలికి, అతికాను. భూతద్దం, టేబుల్ లైటు, ఊపిరి బిగపట్టడం అన్నీ అయ్యాయి. గీత సాఫీ అయ్యింది.

కానీ వీల్ గట్టిగా ఊగినప్పుడల్లా గీతలో వణుకు. వీల్ మోటారు తీగ, సెల్ తీగ ఒకే దారిలో పోవడమే అందుకు కారణం. మాడ్యూల్‌ని తీసుకెళ్లి సెల్ పక్కనే చిన్న రేకు డబ్బాలో పెట్టాను. ఆ మిల్లీవోల్టుల తీగ ఇప్పుడు జానెడు కూడా లేదు. పొడుగ్గా నడిచేది యూఎస్‌బీ తీగే. కోడ్‌లో సగటు తీసి కూడా వణుకు పోగొట్టొచ్చు, చాలామంది చేసేది అదే. సగటు తీస్తే మళ్లీ ఆలస్యం వస్తుంది. ఇంత కష్టపడి కాలు లేపింది అందుక్కాదు.

ఫిబ్రవరి, బిగింపు

పాత సెట్టు డబ్బా విప్పి, ఆక్సిలరేటర్ పెడల్‌ని విడిగా తీశాను. దాన్నీ, కొత్త బ్రేక్‌నీ 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మీద బిగించాను. క్లచ్ పక్కన పెట్టేశాను. నేను నడిపే జీటీ3 కార్లకి (రోడ్డు మీది స్పోర్ట్స్ కార్లనే రేసుకి మార్చిన తరగతి) గేర్లు స్టీరింగ్ వెనక మీటలతోనే, క్లచ్‌తో పనే పడదు. ఎడమ కాలితో బ్రేక్ తొక్కడానికి చోటు దొరికింది. ఆక్సిలరేటర్ పాత తీగతో వీల్ ద్వారా, బ్రేక్ తన సొంత యూఎస్‌బీ ద్వారా. పీసీ ఆటలకి రెండు వేర్వేరు పరికరాలు అభ్యంతరం కాదు. ప్లేస్టేషన్ వాళ్లకి మాత్రం ఈ దారి పనికిరాదు.

మొదటిసారి గట్టిగా తొక్కాను. పెడల్ దిగలేదు. నేనే కుర్చీతో సహా మంచం దాకా వెనక్కి పోయాను. పెద్దోడు ఇంకా నిద్రపోలేదు. వాడికి ఆ రాత్రి ఇంతకన్నా వినోదం అక్కర్లేకపోయింది.

ఇక్కణ్ణుంచి ప్రాజెక్టు పెడల్ చేతిలోంచి జారిపోయింది. కుర్చీ చక్రాలు పీకి గోడకి ఆనించాను. ఈసారి ప్లైవుడ్ ముందుకి పోయింది, టైల్స్ మీద దానికి పట్టేముంది? కింద రబ్బరు మ్యాట్ వేసి ఎదుటి గోడకి దన్ను పెట్టాను. అప్పుడు ప్లైవుడ్ వంగింది. పెడల్ ఇరుసు పళ్లెం మూడు మిల్లీమీటర్ల మేర పైకి లేవడం కంటికి కనబడింది. ప్లైవుడ్ కింద రెండు ఇనప యాంగిళ్లు వేస్తే వంగడం ఆగింది, కానీ ఆఫీసు కుర్చీ వెన్ను వెనక్కి వాలడం మొదలైంది. దాని స్ప్రింగు అందుకోసమే పెట్టారు మరి.

40 కిలోల బలం కాలిలోంచి బయల్దేరితే అంతే బలం నా నడుములోంచి వెనక్కి పోతుంది. ఆ రెండింటి మధ్యలో మెత్తగా ఉన్నది ఏదైనా ముందు అదే కదులుతుంది. అది కదిలినంత మేరా నా కాలు మళ్లీ దూరాన్నే కొలుస్తున్నట్టు లెక్క. సెల్ ఎంత ఖచ్చితంగా కొలిచినా, తొక్కిన ప్రతిసారీ కుర్చీ ఒక్కోలా వాలితే కాలికి ఏ బలం గుర్తుండాలి? ఫార్ములా వన్ డ్రైవర్లు వంద కిలోలకి పైనే బ్రేక్ మీద పెట్టగలుగుతున్నారంటే, వాళ్లని ఆ సీటులో కదలకుండా పోతపోసినట్టు కూర్చోబెట్టడం వల్ల కూడా.

గోడలు, నేల నమ్ముకుంటే కాదు. పెడల్‌నీ సీటునీ ఒకే ఫ్రేముకి కట్టాలి. అప్పుడు ఆ తోపుడూ ఈ తోపుడూ ఇనుములోనే తేలిపోతాయి, నేలకి సంబంధమే ఉండదు. మళ్లీ ఆటోనగర్. మేస్త్రి ఫ్రేము బొమ్మ చూసి, "ఇందాకా కుర్చీ దేనికి కట్టావ్?" అన్నాడు. దేనికీ కట్టలేదన్నాను. ఈసారి నవ్వాడు.

రెండంగుళాల చదరపు ట్యూబుతో దీర్ఘచతురస్రం ఫ్రేము, ముందు పెడల్ పళ్లెం, దాన్ని వాలు పెట్టడానికి రెండు వరసల రంధ్రాలు. సీటు కోసం పాత సామాన్ల వాళ్ల దగ్గర వెతికితే చిన్న కారు డ్రైవర్ సీటు దొరికింది, కింద పట్టాలు కూడా ఉన్నాయి. ఆ పట్టాలే ముఖ్యం. పెద్దోడు కూర్చున్నప్పుడు ముందుకి జరపొచ్చు. సీటు వెన్ను వాల్చే మీట దగ్గర కొంచెం ఆట ఉంటే, అక్కడ ఒక బోల్టు వేయించి శాశ్వతంగా బిగించేశాను. వెల్డింగ్ అయ్యాక ఆటో ట్రాలీలో ఇంటికి తెచ్చి లిఫ్టులో నిలబెడితే మూల మిగిలింది. మెట్ల మీద మోశాం, మా ఆవిడ తమ్ముడూ నేనూ. కింది ఇంటివాళ్లకి చప్పుడు పోకుండా నాలుగు మూలలా మందపాటి రబ్బరు ముక్కలు పెట్టాను.

మార్చి, సర్దుబాట్లు

ఇప్పుడు తొక్కితే కదిలేది పెడలొక్కటే.

మొదట తేల్చాల్సింది, వంద శాతం అంటే ఎన్ని కిలోలు అన్నది. బాత్రూమ్ కాటాని పెడల్‌కి ఆనించి తొక్కి చూసుకున్నాను. నా గరిష్ఠ బలం చాలానే ఉంది, కానీ అరగంట రేసులో అదే బలం ప్రతి మలుపుకీ పెట్టలేను. కాలికి ఇబ్బంది లేకుండా పదే పదే తొక్కగలిగింది 35 కిలోలు. దాన్నే వందగా పెట్టాను. ఎక్కువ పెట్టుకోవడం గొప్పేం కాదు. పిక్క వణికితే ఖచ్చితత్వం పోతుంది. మెత్తటి బుష్ ఒకటి, గట్టిది ఒకటి కలిపి పెడితే పాదం దగ్గర కదలిక రెండు సెంటీమీటర్ల లోపే ఉంది. రెండూ గట్టివి పెడితే రాయిని తొక్కినట్టుంది, నాకు నచ్చలేదు.

ఆటలో బ్రేక్ గామా (తొక్కిన దానికి ఎంత బ్రేక్ పడాలో వంపు మార్చే సెట్టింగు) 1కి తెచ్చాను, అంటే తిన్నటి గీత. పాత పెడల్‌కి ఈ గామాతోనే నెట్టుకొచ్చాను, ఇక అక్కర్లేదు. కింద రెండు శాతం డెడ్ జోన్, అంటే లెక్కలోకి రాని భాగం, ఉంచాను, పాదం ఊరికే ఆనించినా బ్రేక్ లైట్ వెలక్కుండా. కంప్యూటర్ ఆన్ చేయగానే బోర్డు తనంతట తనే సున్నా చూసుకునేలా కోడ్ రాశాను. బెజవాడలో మార్చి మధ్యాహ్నానికీ, ఏసీ వేసిన రాత్రికీ సెల్ సున్నా కొంచెం జరుగుతోంది. ఆ క్షణంలో పెడల్ మీద కాలు ఉండకూడదు, అంతే నియమం.

పరీక్షకి జీటీ3 కారు పనికిరాదు. దానికి చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఉంది, అడ్డదిడ్డంగా తొక్కినా కాపాడేస్తుంది. పాత అసెట్టో కోర్సా తెరిచి లోటస్ 49 అనే పాత ఫార్ములా వన్ కారు తీశాను. 1967లో నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్ ట్రాక్‌లో డ్రైవర్ జిమ్ క్లార్క్ చేతిలో, దిగిన తొలి రేసే గెలిచిన కారు. ఏబీఎస్ లేదు, రెక్కలు లేవు, టైర్లు సన్నం. కొంచెం ఎక్కువైతే ముందు చక్రం బిగుసుకుని పొగ. పాత పెడల్‌తో దీన్ని నేను రెండు ల్యాపులకి మించి రోడ్డు మీద ఉంచింది లేదు. ఇప్పుడు చక్రం బిగుసుకోబోతోందని స్టీరింగ్ చేతిలో తేలికవడం తెలుస్తోంది, కాలు ఒకటి రెండు కిలోలు వెనక్కి తీయగలుగుతోంది. ఆ ఒకటి రెండు కిలోలు ఇదివరకు నాకు అందుబాటులోనే లేవు.

మోంజా గీతలు మళ్లీ ఒకదాని మీద ఒకటి పెట్టాను. ఎక్కేటప్పుడు దాదాపు ఒకే గీత. దిగేటప్పుడు ఇంకా ఒకటి రెండు చోట్ల చెదిరింది, కానీ మళ్లీ పైకి లేవడం పోయింది. బెస్ట్ ల్యాప్ పెద్దగా తగ్గలేదు, సెకనులో మూడు నాలుగు పదోవంతులు మాత్రమే. మారింది మిగతా ల్యాపులు. ఒకదానికీ ఇంకోదానికీ సెకనున్నర తేడా ఉండేది, ఇప్పుడు అర సెకనులో ఉంటున్నాయి. పెడల్ మారిస్తే వేగం వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఏ ల్యాప్‌లో ఎక్కడ పోగొట్టుకున్నారో కనబడుతుంది, అదీ ఫ్రేము గట్టిగా ఉంటేనే. డబ్బు తక్కువుంటే ముందు ఫ్రేముకి పెట్టండి, పాత పెడల్ కూడా దాని మీద కాస్త బాగుపడుతుంది.

ఏప్రిల్, మిగిలిన పనులు

పెడల్ పాదం పలక నున్నగా ఉంది, చెమటకి జారుతోంది. ఏదైనా గరుకు షీటు అతికించాలి. ఆక్సిలరేటర్‌లో పొటెన్షియోమీటర్‌కి దుమ్ము పట్టి పూర్తిగా తొక్కినా 96 దగ్గర ఊగుతోంది. దాని స్థానంలో అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్ పెడతాను. ప్రో మైక్రోలో ఖాళీ కాళ్లు ఉన్నాయి కాబట్టి బోర్డు కొత్తది అక్కర్లేదు. వీల్ స్టాండ్ ఇంకా పాత టేబులే. ఫ్రేముకి రెండు నిలువు ట్యూబులు అతికిస్తే టేబుల్ ఖాళీ అవుతుందని మా ఆవిడ రెండుసార్లు గుర్తు చేసింది.

ముందు రంగు. వెల్డింగ్ అతుకుల దగ్గర అప్పుడే తుప్పు చుక్కలు కనబడుతున్నాయి. రెడ్ ఆక్సైడ్ డబ్బా తెచ్చి పెట్టాను. ఆదివారం బాల్కనీలోకి లాగి పూయాలి, ఈలోగా సీటు విప్పడం ఒక పని.